ఎర్త్ పిట్‌లో నాలుగు బకెట్లు

అప్రెంటిస్‌గా చేరిన మొదటి రోజు నా చేతికి ఇచ్చిన పనిముట్టు బకెట్. టెస్టర్ కాదు, సోల్డరింగ్ ఐరన్ కాదు, కనీసం కటింగ్ ప్లేయర్ కూడా కాదు. నీలం రంగు ప్లాస్టిక్ బకెట్. దాని పిడి ఒకవైపు ఊడిపోతే ఎవరో టెలిఫోన్ తీగతో కట్టారు. ఆ తీగ కట్టే పని కూడా నాకు దక్కలేదు.

నేను ఇంటర్ వొకేషనల్‌లో ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్స్ చదివాను. కారేపల్లి దగ్గర మా ఊళ్లో ఆ కోర్సు చదివిన మొదటి ఆడపిల్లను నేనే. చదువు అయ్యాక ఒక ఏడాది ఎక్కడైనా అప్రెంటిస్‌గా పని నేర్చుకోవాలి. నాకంటే తక్కువ మార్కులు వచ్చిన ముగ్గురు మగపిల్లలను పాల్వంచకు వేశారు. నన్ను భద్రాచలం దాటాక అడవి అంచున ఉన్న ఒక మండల కేంద్రంలో, రెండు గదుల టెలిఫోన్ ఎక్స్చేంజికి వేశారు. ఎందుకని అడిగితే, "పాల్వంచల షిఫ్టులుంటయమ్మా, ఆడపిల్లకు కష్టం" అన్నారు. అడవిలో కష్టం ఉండదని వాళ్ల లెక్క. ఆ ముగ్గురి మార్కులు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి.

ఆ ఊళ్లో మా చిన్నమ్మ దవాఖానాలో ఆయాగా పనిచేసేది. వాళ్లింట్లోనే ఉన్నాను. నాన్న ఒప్పుకున్నది సరిగ్గా ఒక్క ఏడాదికే. రెండో ఏడాది మాట ఎత్తితే పుస్తకాలు కట్టకట్టి మిర్చి కల్లంలో కూర్చోబెడతానని బస్సు ఎక్కించేటప్పుడే చెప్పాడు. కాబట్టి ఏడాదిలో పని అయిపోవాలి. అవడమంటే, లాగ్ బుక్కు నిండాలి. అందులో పన్నెండు పనులు అచ్చువేసి ఉంటాయి. తీగల జతలు గుర్తించడం, సోల్డరింగ్, కేబుల్ జాయింటు, స్తంభం మీద కనెక్షన్, ఎర్తింగ్, లైన్ కార్డు మార్చడం, ఇలా. ఒక్కోటి సొంత చేతులతో చేసి, రోజూ ఏం చేశామో రాసి, ఎక్స్చేంజి సారుతో సంతకం పెట్టించుకోవాలి. పన్నెండు సంతకాలు లేకపోతే పరీక్ష రాయనివ్వరు.

నాతోపాటు ఇంకో అప్రెంటిస్ అబ్బాయి ఉన్నాడు. మొదటి రోజే సారు అతన్ని లోపలి ఏసీ గదిలోకి, ఫోన్ లైన్ల కార్డులుండే ర్యాక్ దగ్గరికి తీసుకెళ్లాడు. నేనూ వెనకే వెళ్లాను. సారు గుమ్మం దగ్గర ఆగాడు.

"నువ్వు లోపటికి రాకమ్మా. ఆడోళ్లకు గాజులుంటయ్. ర్యాక్ మీద తగిలితే షార్ట్ అయితది. కార్డు కాలిందంటే నేను జవాబు చెప్పాలె."

"నేను గాజులు ఏస్కోను సార్" అన్నాను. మా ఇంట్లో ఎవరూ వేసుకోరు. మా చర్చిలో నగలు పెట్టుకోరు. రెండు చేతులూ ముందుకు చాపి చూపించాను.

ఆయన నా చేతులు శ్రద్ధగానే చూశాడు. "రేపు పెండ్లయితే ఏస్కుంటవ్ గద" అన్నాడు.

ఆ అబ్బాయి కుడిచేతికి వేలి లావు ఇత్తడి కడియం ఉంది. అది గలగలమంటుండగా అతను ర్యాక్ దగ్గరికి వెళ్లాడు. తలుపు మూసుకుంది. ఏసీ చల్లదనం బయటికి పోకూడదు కాబట్టి ఆ తలుపు ఎప్పుడూ మూసే ఉంచేవారు.

అప్పుడే బకెట్ వచ్చింది. ఎక్స్చేంజి వెనక ఎర్త్ పిట్ ఉండేది. తీగల మీద పిడుగు పడితే ఆ కరెంటు యంత్రాల్లోకి పోకుండా నేలలోకి దించడానికి తవ్విన గొయ్యి అది. లోతుగా ఇనుప పైపు దించి, చుట్టూ ఉప్పూ బొగ్గూ పొరలు పొరలుగా వేసి పూడుస్తారు. ఆ మట్టి ఎప్పుడూ తడిగా ఉండాలి. అందుకని రోజూ నాలుగు బకెట్ల నీళ్లు. అది నా పని. బోరింగు ఎక్స్చేంజి ముందు, గొయ్యి వెనక.

వానాకాలంలో కూడా పోశాను. ఒకరోజు ముసురు పట్టి పొద్దుటి నుంచి వదలకుండా కురుస్తుంటే, "వాన పడుతుంది గద సార్, ఇయ్యాల పొయ్యాల్నా?" అని అడిగాను. "రూల్ల రోజూ అని ఉన్నది. వాన లేని రోజు అని లేదు" అన్నాడు సారు. చిన్నమ్మ గొడుగు ఒక చేత్తో, బకెట్ ఒక చేత్తో పట్టుకుని వానలో నీళ్లు పోశాను. ఆ అబ్బాయి కిటికీలోంచి చూశాడు. అతను చూశాడని నేను చూశాను.

సారు చెడ్డవాడని నేను అనడం లేదు. జరిగింది చెబుతున్నాను. ఎక్స్చేంజిలో మూడు కుర్చీలు, ఒక స్టూలు. స్టూలు నాది. టీ కొట్టు నుంచి నాలుగు గ్లాసులు వచ్చేవి. మనుషులం అయిదుగురం. లైన్‌మన్ మొదట్లో నన్ను "ఓ పిల్లా" అని పిలిచేవాడు. మా ఇంటివాళ్లు చర్చికి వెళ్తారని తెలిసిన రోజు నుంచి "సిస్టర్" అన్నాడు. పిలుపు మారింది గానీ పని మారలేదు. "సిస్టర్, ఇయ్యాల పోసినవా?"

మెచ్చుకున్న మనిషి ఒక్కడే, వాచ్‌మన్. పక్కన కోయగూడెం ఆయనది. నేను తాత అనేదాన్ని. ఆయన ఎర్త్ పిట్ అంచున బీర పాదు పెట్టాడు. వానకాలం పాదు అయిపోగానే ఎండకాలం పాదు పెట్టాడు. రోజూ నీళ్లు పడే చోటు ఆ ఆవరణలో అదొక్కటే. "బిడ్డా, గా మూలకు పొయ్యి. గాడ ఏరున్నది" అని చూపించేవాడు. పాదు గోడ ఎక్కి, కిటికీ ఊచలు ఎక్కి, రేకుల మీదికి పోయింది. కాయలు చేయంత పొడుగు కాసేవి. సారు ఇంటికీ, లైన్‌మన్ ఇంటికీ, మా చిన్నమ్మకూ వారానికోసారి బీరకాయలు. అందరమూ రైతుల ఇళ్లలో పుట్టినవాళ్లమే. అందరమూ తిన్నాం. బాగుందని కూడా అన్నాం.

నేను లాగ్ బుక్కు రోజూ రాశాను. ఏం చేస్తే అది. "ఎర్త్ పిట్‌లో నీళ్లు, నాలుగు బకెట్లు." మర్నాడు, "ఎర్త్ పిట్‌లో నీళ్లు, నాలుగు బకెట్లు." బ్యాటరీల్లో డిస్టిల్డ్ వాటర్ పోసిన రోజు అది కూడా రాశాను. ఆ పేజీ కొంచెం నిండుగా ఉంటుంది. ఆ అబ్బాయి అంతకుముందు ఏడాది అప్రెంటిస్ పుస్తకం తెచ్చుకుని రెండు మధ్యాహ్నాల్లో మొత్తం కాపీ చేశాడు. ఎప్పుడో తీసేసి గోడవారన పడేసిన పాత ఎక్స్చేంజి బోర్డును కూడా తానే బాగుచేసినట్టు రాశాడు. దానికి కూడా సంతకం వచ్చింది.

"సిస్టర్, నువ్వు గూడ గట్లనే రాస్కోరాదు? ఎవలు సూడొచ్చిన్రు?" అన్నాడు లైన్‌మన్.

"చెయ్యంది చేసిన్నని ఎట్ల రాస్తనే అన్నా?"

"అందరు గట్లనే రాస్తరు. ఆ పుస్తకం చదివెటోడు ఇంక పుట్టలె."

ఏప్రిల్ ఆఖరులో సారు నా పుస్తకం అడిగాడు. నెలనెలా చూడాల్సింది, తొమ్మిది నెలలవి ఒకేసారి చూశాడు. నాలుగు పేజీలు తిప్పాడు, ఇంకో పది తిప్పాడు, చివర్నుంచి వెనక్కి తిప్పాడు.

"ఏందమ్మా ఇది? పుస్తకం నిండ నీళ్లేనా?"

"చేసిందే రాసిన సార్."

"ఇదొక పనా? దీనికి నేను సంతకం పెట్టి పంపితే ఖమ్మం ఆఫీసుల నా మొకాన ఊంచుతరు. చించి మంచిగ రాస్కరాపో. ఆ పిలగానిది సూడు, ఎంత నీటుగున్నదో."

"నాతోని చేయిస్తే చేసినట్టు రాస్త సార్."

"రాస్కొస్తే సంతకం. లేకుంటే లేదు." పుస్తకం బల్ల మీద నా వైపు తోశాడు. అది అంచు దాటి కింద పడింది. ఆయన వంగలేదు. నేనే తీసుకున్నాను.

ఇంటికి వెళ్లి చిన్నమ్మకు చెప్పాను. "రాసెయ్యరాదే తల్లీ, దేవుడు అన్నీ చూస్తనే ఉన్నడు గద" అంది. దేవుడు చూస్తున్నాడు కాబట్టే రాయడం లేదని చెప్పాను. మిర్చి కల్లం కళ్లముందు ఆడింది. ఘాటుకు నాకు తుమ్ములు ఆగవు. అయినా రాయలేదు.

మర్నాడు బకెట్ ముట్టుకోలేదు. ఇదొక పనా అని సారు స్వయంగా అడిగాడు. పని కానిదాన్ని నేనెందుకు చేయాలి? స్టూలు మీద కూర్చుని, అలమారాలో ఉన్న రిజిస్టర్లు ఒక్కొక్కటీ తీసి చదివాను. నీళ్లు పోయడం లేదని గమనించింది తాత ఒక్కడే. "అలిగినవా బిడ్డా? పాదు ఏం చేసిందే నీకు?" అన్నాడు. తన పాదు మొదలు దగ్గర మాత్రం చెంబుతో పోసుకున్నాడు. అలా ఎనిమిది రోజులు. మే ఎండలకు ఎర్త్ పిట్ మీద మట్టి నెర్రెలు విచ్చింది. నేను చూశాను. చూడలేదని అనను.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం మూడింటికి గాలి లేచింది. అడవి వైపు నుంచి మబ్బు కమ్ముకొచ్చింది. టేకాకులు ఎగిరొచ్చి వరండాలో పడ్డాయి. వాన ఇంకా మొదలు కాకముందే తెల్లటి వెలుగు, వెంటనే శబ్దం. ఏసీ గదిలోంచి కాలిన వాసన వచ్చింది. ఆ అబ్బాయి బయటికి పరుగెత్తుకొచ్చాడు. మూడు లైన్ కార్డులు పోయాయి. ఒక్కో కార్డు మీద ఎనిమిది ఫోన్లు. బస్టాండు, దవాఖానా, పోలీస్ స్టేషన్ వాటిలోనే ఉన్నాయి. అడవిలో అన్నలు తిరిగే ఆ రోజుల్లో మా దగ్గర పోలీస్ స్టేషన్ ఫోన్ మూగబోతే దాన్ని మామూలు ఫోన్ పోయినట్టు చూసేవారు కాదు. అరగంటలో జీపు వచ్చి నిలబడింది. సారు చొక్కా వీపంతా తడిసిపోయింది.

జీపు వెళ్లాక ఆయన నా స్టూలు ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"నీళ్లు పోస్తున్నవా?"

"లేదు సార్. ఎనిమిది రోజుల సంది పోస్తలేను."

"సూసిన్రా? నీ మూలంగనే కాలినయ్. గది నీ డ్యూటీ కాదా? రాసియ్యి. నేను నీళ్లు పొయ్యలేదు, అందుకే ఎర్త్ పనిచెయ్యక కార్డులు కాలినయ్ అని రాసి సంతకం పెట్టియ్యి. ఖమ్మం పంపాలె."

తొమ్మిది నెలల్లో నీళ్లు పోయడాన్ని డ్యూటీ అని ఎవరైనా అనడం అదే మొదటిసారి.

"రాస్త సార్" అన్నాను. "ముందు మీరు లాగ్ బుక్కుల సంతకం పెట్టుండ్రి. ఏడో పని, ఎర్తింగ్. తప్పు నాదైతే పని గూడ నాదే గద. పని నాది కాకపోతే తప్పెట్ల నాదైతది?"

లైన్‌మన్ దగ్గుకుంటూ బీడీ కోసం బయటికి వెళ్లాడు. గోడ అవతల ఆ దగ్గు కాస్త నవ్వులా వినబడింది.

"లాయర్ కోర్సు చదవకపోయినవ్!" అన్నాడు సారు.

"మా ఊరికి బస్సున్న కాలేజీల ఇదే ఉన్నది సార్."

మర్నాడు ఆయన తప్పు రుజువు చేయడానికి సిద్ధమై వచ్చాడు. అలమారా పై అరలోంచి ఎర్త్ కొలిచే మీటరు దింపించాడు. చేత్తో తిప్పే మీటరు. దుమ్ము దులిపితే లైన్‌మన్‌కు తుమ్ములొచ్చాయి. సారు ఆలోచన సరైనదే. గోతిలో నీళ్లు పోసి కొలిస్తే, ఎర్త్ పనిచేస్తోందని చూపిస్తూ సూది కిందికి దిగుతుంది. అంటే నీళ్లు లేకపోవడమే కారణం. అంటే నేనే. కాగితం మీద అంకెలతో సహా తేలిపోతుంది.

నన్నే పొయ్యమన్నాడు. ఇరవై బకెట్లు పోశాను. లైన్‌మన్ మీటరు తిప్పాడు. సూది పై అంచునే ఉంది. ఇంకో ఇరవై పోయించాడు. సూది కదల్లేదు. మీటరు చెడిపోయిందన్నాడు సారు. లైన్‌మన్ దాన్ని రోడ్డు పక్క ట్రాన్స్‌ఫార్మర్ ఎర్త్ దగ్గరికి పట్టుకుపోయి తిప్పాడు. అక్కడ బుద్ధిగా దిగింది.

నలభై బకెట్లు మోసి చేతులు గుంజుతుంటే బీర పాదు దగ్గర కూర్చున్నాను. ముందు రోజు గాలికి ఆకులు చిరిగాయి గానీ పాదు పచ్చగా నిగనిగలాడుతోంది. మా ఊళ్లో చెరువు కింద చౌడు భూమి ఉంది. ఎన్ని నీళ్లు పెట్టినా అక్కడ గరిక కూడా మొలవదు. మరి బస్తాల కొద్దీ ఉప్పు వేసిన గోతి మీద రెండు పంటల బీర ఎలా కాసింది?

వేలితో కాస్త లోతుగా గెలికి చిటికెడు మట్టి నాలుక మీద వేసుకున్నాను.

"ఏందమ్మా, మన్ను తింటున్నవా?" అన్నాడు సారు.

"ఉప్పు లేదు సార్."

లైన్‌మన్ వచ్చి తనూ కొంచెం నోట్లో వేసుకున్నాడు. చప్పరించి ఉమ్మేశాడు. "అవ్ సార్, సప్పగుంది." తాత కూడా రుచి చూశాడు. "మంచి మన్ను గదా! ఉప్పేస్తే నేనెందుకు పాదు పెడత?" అన్నాడు. సారు రుచి చూడలేదు.

"తవ్వు" అన్నాడు లైన్‌మన్‌తో.

"ఆగుండ్రి, నాలుగు కాయలున్నయ్, తెంపుకోనియ్యుండ్రి" అని తాత అడ్డంపడ్డాడు. కాయలు తెంపాక గడ్డపార దిగింది. రెండు నిలువుల పైపు ఉండాల్సిన చోట మూరెడు ముక్క ఊడి చేతికొచ్చింది. బొగ్గు లేదు. ఉప్పు లేదు. యంత్రాల నుంచి వచ్చిన తీగ ఆ ముక్కకు చుట్టి ఉంది, అంతే. ఎక్స్చేంజి కట్టినప్పుడు ఆ పని చేసిన మనిషి ఎవరో పైకి కనబడేంత పైపు మాత్రం పెట్టి వెళ్లిపోయాడు.

అక్కడ నిలబడి నేను రెండు సంగతులు ఒకదాని తర్వాత ఒకటి అర్థం చేసుకున్నాను. కార్డులు నా వల్ల కాలలేదు. అది మొదటిది, బాగానే ఉంది. రెండోది, తొమ్మిది నెలలు నేను చేసింది బీరకాయల సాగు. మొదటిదానికి సంతోషిద్దామనుకునే లోపే రెండోది వచ్చేసింది. నా మీద ఉన్న ఒక్క పనీ పని కాదని సారు అన్న మాట నిజమైంది. ఆయన అన్నది నిజమవడం నాకు అన్నిటికంటే బాధ కలిగించింది.

సారు లోపలికి వెళ్లి ఒక రిజిస్టరు తీసి, చూసి, వెంటనే మూసి డ్రాయరులో పెట్టాడు. అందులో ఏముందో నాకు తెలుసు. ఎనిమిది రోజులు స్టూలు మీద కూర్చున్న మనిషి అలమారాలో ఉన్నవన్నీ చదువుతుంది. ప్రతి ఏడాదీ ఎర్త్ కొలిచినట్టు, అంతా సరిగ్గా ఉన్నట్టు, కింద ఆయన సంతకం. అంకె కూడా ప్రతి ఏడాదీ అదే.

నేను వెళ్లి లాగ్ బుక్కు తెచ్చి ఆయన బల్ల మీద పెట్టాను. అది బెదిరింపే అని లైన్‌మన్ తర్వాత అన్నాడు. పుస్తకం బల్ల మీద పెట్టడం బెదిరింపు ఎలా అవుతుందో నాకు ఇప్పటికీ తెలియదు.

సారు పుస్తకం వైపు చెయ్యి చాపాడు. "ఇటియ్యి, పన్నెండు సంతకాలు ఇప్పుడే పెడత" అన్నాడు.

"చేసినంక పెట్టుండ్రి సార్."

"పెడతనంటే వద్దంటవేందమ్మా?" ఆయన గొంతులో మొదటిసారి నిజమైన ఆశ్చర్యం వినబడింది.

"ఇంక రెండు నెలల పైనే ఉన్నది సార్. చేసినంకనే."

ఖమ్మానికి పంపిన కాగితంలో పిడుగు తీవ్రత ఎక్కువగా ఉండడం వల్ల అని రాశారు. ఆ మాట కాదని పిడుగు ఎదురు రాసి పంపలేదు.

కొత్త గొయ్యి నేనూ తాతా తవ్వాం. లైన్‌మన్ ఉప్పు కోసం సైకిలేసుకుని వెళ్లి రెండు గంటలైనా రాలేదు. గూడెంలో భూమి పండుగ. మగవాళ్లు వేటకు పోతే ఆడవాళ్లు రోడ్డుకు అడ్డంగా తాడు కట్టి వచ్చేపోయేవాళ్లను ఆపుతారు. ఏదో ఒకటి ఇస్తేనే వదులుతారు. "'మొగోనివైతే ఏటకు పోవాలె గని ఉప్పు మోస్తున్నవేందయ్యా?' అని ఒకటే నవ్వుడు సార్" అన్నాడు లైన్‌మన్. సగం ఉప్పు వాళ్లకిచ్చి వచ్చాడు. తాత చాలా సంతోషించాడు. ఆ రోజుకు పని ఆగింది. మర్నాడు మిగతా ఉప్పు వచ్చాక పొర ఉప్పు, పొర బొగ్గు వేస్తూ పైపు చుట్టూ నేనే పూడ్చాను. మీటరు నేనే తిప్పాను. సూది దిగింది.

ఆ తర్వాత ఏసీ గది తలుపు నాకు తెరుచుకుంది. లోపల అనుకున్నంత చల్లగా లేదు. కొత్త కార్డులు పెట్టాను. స్తంభం ఎక్కాను. లైన్‌మన్ నిచ్చెన పట్టుకుని, "సిస్టర్, కిందికి సూడకు, పైకి సూసి ప్రార్థన చేస్కో" అన్నాడు. కేబుల్ జాయింటు రెండుసార్లు తప్పు చేశాను. మూడోసారి కుదిరింది. అన్నీ తప్పు లేకుండా చేశానని నేను చెప్పను. పుస్తకంలో కూడా మొదటి రెండూ రాసుకున్నాను.

జూలై ఆఖరి రోజు సారు పెన్ను తీశాడు. పన్నెండు పనుల దగ్గర పన్నెండు సంతకాలు పెట్టాడు. తర్వాత వెనక్కి తిప్పి నీళ్ల పేజీల దగ్గర ఆగాడు.

"ఇవన్న చించుదామమ్మా. పరీక్షల అడిగితే ఏం చెప్తవ్?"

"నీళ్లు పోసిన్నని చెప్త సార్."

ఆయన తల అడ్డంగా ఆడించి, ఆ పేజీల కింద కూడా ఒక్కొక్కటిగా సంతకం పెట్టుకుంటూ వెళ్లాడు. చాలాసేపు పట్టింది. మధ్యలో పెన్ను ఆగిపోతే విదిల్చి మళ్లీ రాశాడు. చివరి పేజీలో పనితీరు అనే చోట "తృప్తికరం" అని రాశాడు. ఆ అబ్బాయికి "చాలా బాగుంది" అని రాశాడు. ఆ పుస్తకం పక్కనే తెరిచి ఉంది కాబట్టి చూశాను.

"ఇంకన్న కోపం పోయిందా?" అని అడిగాడు సారు.

"పోలేదు సార్."

ఆయన తల ఊపాడు. నిజం చెప్పాను కాబట్టి ఆయనకు అభ్యంతరం ఉండదనుకున్నాను. ఖమ్మం బస్సుకు ఇరవై నిమిషాలే ఉంది. సాయంత్రం ఆఫీసు మూసేలోగా పుస్తకం అక్కడ ఇస్తేనే హాల్ టికెట్. చివరి పేజీ మీద సిరా ఇంకా ఆరలేదు. అంటుకుంటే మళ్లీ అడగాల్సి వస్తుందని, పుస్తకం మూయకుండా రెండు చేతులతో తెరిచి పట్టుకుని బస్టాండు దాకా నడిచాను.